మంచం పక్కన మాట్లాడేది ఎవరితో?

దేవరకొండ నుంచి గద్వాల దాకా ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా, డెబ్బై దాటినవాళ్ల నోట ఒక కోరిక వినబడుతుంది: "కాలూ చెయ్యీ ఆడుతుండంగనే పోవాలె. ఒకరి చేతుల పడొద్దు." ఇందులో చావు భయం పెద్దగా ఉండదు. నొప్పి భయం కొంత, ఖర్చు భయం కొంత ఉంటాయి. ఇంకాస్త సేపు వింటే అసలు దిగులు బయటపడుతుంది. పక్కింట్లో మంచానపడ్డ తమ ఈడువాడి సంగతి ఎత్తుతారు. "వాని ముందటనే వాని గురించి మాట్లాడుకుంటున్రు, వాడు ఆడ లేనట్టే" అంటారు. ఒకరి చేతుల్లో పడటం కన్నా ఒకరి నోట్లో ఎట్లా నానుతామోనన్న దిగులే వాళ్లకు ఎక్కువ.

జబ్బుమనిషి గౌరవం గురించి మాట్లాడేటప్పుడు మన చర్చలు ఎప్పుడూ పేర్ల మీదికే పోతాయి. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా? ముసలోళ్లు అనాలా, వయోవృద్ధులు అనాలా? 2015 డిసెంబరులో ప్రధాని రేడియోలో ‘దివ్యాంగ్’ అన్న తర్వాత మన బోర్డులూ కాగితాలూ మారిపోయాయి. జపాన్‌లో డిమెన్షియాకు, అంటే మతిమరుపు జబ్బుకు, వాడే పాత పేరులో తెలివితక్కువతనమనే అర్థం ఉందని 2004లో అక్కడి ప్రభుత్వమే దాన్ని మార్చింది. ఈ మార్పులు ఉత్తవని అనను. కానీ కొత్త పేరు బోర్డు మీద ఉంటుంది. మంచంలో ఉన్న మనిషి చెవిన రోజుకు వందసార్లు పడేది మాత్రం క్రియ. తెలుగులో మర్యాదైనా, దాని లేమి అయినా, ఎక్కువగా ఉండేది క్రియ చివర్లోనే.

ఒక దవాఖాన వార్డు, పొద్దుటి రౌండు. మంచం మీద అరవై అయిదేళ్ల రైతు. షుగరు వల్ల కుడికాలు మోకాలి కింద తీసేశారు. డాక్టరు కేసుషీటు తిరగేస్తూ కోడలిని అడిగాడు: "తిన్నడా? రాత్రి పండుకున్నడా? మోషన్ అయ్యిందా?" ఆమె మామ దిక్కు ఒకసారి చూసి, "జర తిన్నడు సార్" అంది. ఆ రైతుకు చెవులు మంచిగనే వినబడతాయి, నోరూ మంచిగనే ఉంది. పోయింది కాలు. రాత్రంతా పక్కమంచం ఆయనతో పత్తి రేటు గురించి, బోరు ఎండిపోయిన సంగతి గురించి మాట్లాడినవాడే. డాక్టరు వచ్చేసరికి కప్పు దిక్కు చూస్తూ ఉండిపోయాడు.

ఇక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు. డాక్టరు నెమ్మదస్తుడే, కోడలు మంచిదే. ‘తిన్నవా’ అనో ‘తిన్నరా’ అనో రావాల్సిన చోట ‘తిన్నడా’ వచ్చింది, అంతే. మన క్రియ తన తోకలోనే మనిషిని మోస్తుంది. ‘నువ్వు’, ‘వాడు’ అని విడిగా చెప్పే పనిలేదు. ‘తిన్నవా’లో ఎదుటి మనిషి ఉన్నాడు, ‘తిన్నడా’లో లేడు. ఆ ఒక్క అక్షరంతో తాను మాటలోంచి బయటికి పోయిన సంగతి మంచంలో ఉన్న మనిషికి వెంటనే తెలిసిపోతుంది.

‘మేము’, ‘మనం’ కూడా ఇదే పని చేస్తాయి. కాలు తీయాలని డాక్టరు చెప్పినప్పుడు కొడుకులు "మేము ఆలోచించుకుని చెప్తం సార్" అంటారు. ఆ ‘మేము’లో కాలు ఎవరిదో ఆ మనిషి లేడు. చట్టం ఈ విషయంలో మన అలవాటుకు ఎదురు నిలబడింది. 2008లో సమీరా కోహ్లీ కేసులో, మత్తులో ఉన్న కూతురి తరఫున తల్లి ఒప్పుకున్నా అది చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. తెలివిలో ఉన్న పెద్దమనిషి శరీరం గురించి ఆ మనిషే ఒప్పుకోవాలి. ఇప్పటికీ చాలాచోట్ల సంతకం కోసం కాగితం పోయేది పెద్దకొడుకు చేతికే. ఇక ‘మనం’ ఇంకో తీరు. "మనం ఇప్పుడు సూది ఏసుకుందమా?" అంటుంది నర్సు. పొడిచేది ఆమె, పొడిపించుకునేది ఈయన. అందులో ప్రేమ లేదని కాదు. అయిదేళ్ల పిల్లకు చేసే ప్రేమ అది.

ఇంతవరకు చదివి ‘అందరినీ మీరు అంటే సరిపోతుంది కదా’ అనుకుంటే పొరపాటు. మన దిక్కు తల్లిని, తాతను, పెద్దనాయినను ‘నువ్వు’ అనే అంటారు. "అవ్వా, జర లేస్తవా? వీపు కింద దుప్పటి సదురుత" అన్న మాటలో తక్కువ చేసిందేమీ లేదు. అడిగింది, ఏం చేయబోతుందో చెప్పింది, జవాబు కోసం ఆగింది. అదే పట్నం దవాఖానలో "మీరు కదలకండి" అంటూనే అడగకుండా దుప్పటి లాగేస్తారు. ‘మీరు’ నోట్లోనే ఉంది, చేతికి రాలేదు. పిలుపులూ అంతే. రిటైరైన హెడ్మాస్టరును ‘తాతా’ అంటే మొహం అటు తిప్పుకుంటాడు, ‘సారూ’ అంటే ఇటు చూస్తాడు. ఏమని పిలవాలో ఆయన్నే అడగటానికి అరనిమిషం పట్టదు.

ఈ గౌరవం జబ్బు రాకముందు అందరికీ సమానంగా ఏమీ లేదు. ఊర్లో పటేలింటి పెద్దాయన మంచానపడితే ‘దొర’ నుంచి ‘ముసలోడు’కు దిగుతాడు. ఆ దిగుడు అందరికీ కనబడుతుంది, అందరూ అయ్యో అంటారు. అరవై ఏళ్లూ "ఏరా" అనే పిలిపించుకున్న జీతగానికి దిగటానికి మెట్టే లేదు. ఇంటికొచ్చిన ఏఎన్ఎం "ఎట్లున్నరు?" అని అడిగితే ఆ ‘రు’ వినటం ఆయనకు బతుకులో మొదటిసారి కావచ్చు. జబ్బులో గౌరవం పోతుందని రాసేవాళ్లం ఎవరి గౌరవం గురించి రాస్తున్నామో ఒకసారి చూసుకోవాలి.

కెనడాలో హార్వే చోచినోవ్ అనే మానసిక వైద్యుడు చావు దగ్గరపడిన రోగుల మధ్య ఏళ్ల తరబడి ఈ విషయం మీదే పనిచేశాడు. ఆయన వైద్యులను అడగమన్నది ఒక్క ప్రశ్న. మన మాటల్లో చెప్పుకుంటే: "నిన్ను మంచిగ చూసుకోవాలంటే నీ గురించి నాకేం తెలిసుండాలె?" దానికి జవాబు జబ్బు గురించి రాదు. "నేను ఇరవై ఏండ్లు మేస్త్రీ పని చేసిన", "నాకు ఎవలన్న మీదికెల్లి మాట్లాడితే నచ్చది", "దీపం పెట్టకుంట నేను తినను" లాంటివి వస్తాయి. ఆ జవాబు కేసుషీటులో ఉంటే తర్వాత వచ్చినవాళ్ల మాట తీరు మారుతుందని ఆయన వాదన. నాకు ఇది నమ్మబుద్ధి అవుతుంది. మేస్త్రీ అని తెలిసిన మనిషిని ‘12 నంబర్ బెడ్’ అనటానికి నోరు అంత సులువుగా రాదు.

నల్లగొండ జిల్లాకు ఈ విషయంలో చేదు అనుభవం ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని మన దేశ ప్రమాణం. ఏళ్ల తరబడి అంతకు మించి పోతే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుస్తాయి, నడుము వంగుతుంది, మెడ తిరగదు. చివరికి తనంత తాను లేచి కూర్చోలేని స్థితి వస్తుంది. 1970లలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆ పేరు ఇథియోపియా, టాంజానియా దాకా పోయింది. మనూరి పేరు మన రోగం మీదుగా ప్రపంచం తిరగటం గొప్పో కాదో నాకిప్పటికీ తేల్చుకోరాదు. 2016లో మిషన్ భగీరథ మొదలై నది నీళ్లు వచ్చాయి. వంగిన ఎముకలు మాత్రం మళ్లీ సాపు కావు.

ఆ ఊర్లకు దశాబ్దాల పాటు నాయకులు పోయారు, కెమెరాలు పోయాయి, పరిశోధకులు పోయారు. అక్కడి మనుషులు ఎక్కువగా విన్న క్రియలు: "లేశి నడువు", "చేతులు ముందటికి సాపు", "పండ్లు చూపెట్టు", "ఇటు తిరుగు". పోయినవాళ్ల ఉద్దేశం మంచిదే, ఆ ఫోటోలు లేకపోతే నీళ్లు ఇంకా ఆలస్యంగా వచ్చేవేమో. కానీ ఫోటో కింద ‘ఫ్లోరోసిస్ బాధితుడు’ అని ఉంటుంది, పేరు ఉండదు. ఆ బాధితుడికి ఒక దుకాణం ఉండొచ్చు, పాట పాడే గొంతు ఉండొచ్చు, ఊరి రాజకీయం మీద ఘాటైన అభిప్రాయం ఉండొచ్చు. దాని గురించి ఎవరూ అడగరు. పైగా ఆ పేరు ఊరంతటికీ అంటుకుంటుంది. ‘ఫ్లోరైడ్ ఊరు’ అని తెలిస్తే పిల్లనిచ్చే ముందు జనం వెనకాడేవారు. ఒక మనిషి మీద పడ్డ ముద్ర పక్కింటి పిల్ల పెళ్లి దాకా పోయిందన్నమాట.

వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపులో ఇది లెక్కల్లోకి దిగుతుంది. మామూలుగా వైకల్యం 40 శాతం ఉందని సర్టిఫికెట్ ఉంటేనే పింఛను. క్యాంపు బయట చెట్టుకింద "నీదెంత?" అంటే "డెబ్బై అయిదు" అని జవాబు. ఈ శాతాలను వాళ్లు సిగ్గుగా చెప్పుకోరు, పోరాడి తెచ్చుకున్న నంబరు అది. చిక్కంతా ఎక్కడంటే, పింఛను కోసం ఆఫీసులో తనకు చేతకానిదంతా ఏకరువు పెట్టాలి, ఇంటికొచ్చి మర్యాద కావాలంటే తనకు చేతనైనది చూపించుకోవాలి. ఒకే రోజు ఒకే మనిషి రెండు భాషలు మాట్లాడాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 92వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నవాళ్లను నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. ‘నలుగురిలో’, ‘కావాలని’ అన్న ఆ రెండు షరతుల వల్ల ఇంటి లోపలి మాట దాని కిందికి రానే రాదు.

పక్షవాతం సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మాటే దెబ్బతింటుంది. చాలామందిలో మాటను నడిపేది మెదడు ఎడమ సగం. కుడి చెయ్యి, కుడి కాలు నడిపేదీ అదే. అందుకే కుడిపక్క పడిపోయినవాళ్లలో చాలామందికి మాట కూడా పోతుంది. దీన్ని అఫేసియా అంటారు. కొందరికి చెప్పాలనుకున్న మాట నోటికి రాదు గానీ ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. మన ఇళ్లల్లో సరిగ్గా ఇక్కడే బోల్తా పడతాం. నోరు రాలేదంటే మతి కూడా పోయిందనుకుంటాం. లేదంటే చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా అరుస్తాం.

కల్వకుర్తి దగ్గర మా చుట్టాలింట్లో పెద్దనాయినకు ఇట్లాగే అయింది. మిగిలింది ‘ఆఁ’ ఒక్కటే. నీళ్లకూ ‘ఆఁ’, నొప్పికీ ‘ఆఁ’, మనవడు వస్తే ‘ఆఁ’. ఆయన ముందే భూమి పంపకాల మాటలు నడిచాయి, ఇంకెన్నాళ్లు ఉంటాడోనన్న లెక్కలూ నడిచాయి. ఇంట్లో పదో తరగతి పిల్ల ఒకతె ఒకరోజు ఆయన ఎదురుగా కూర్చుని రెండు గ్లాసులు పట్టుకుంది, ఒకదాంట్లో చాయ్, ఒకదాంట్లో మజ్జిగ. "తాతా, ఏది?" అని ఊరుకుంది. ఆయన ఎడమ చెయ్యి లేవటానికి చాలాసేపు పట్టింది. పక్కన ఉన్నవాళ్లు "చాయే ఇయ్యి, ఆయనకు చాయే ఇష్టం" అన్నా పిల్ల కదల్లేదు. ఆయన మజ్జిగ గ్లాసు ముట్టుకున్నాడు. స్పీచ్ థెరపిస్టులు ఇంటివాళ్లకు నేర్పేది కూడా దాదాపు ఇదే: ఒకసారికి ఒకటే ప్రశ్న, అవునో కాదో చెప్పేట్టు అడగటం, వస్తువు చూపెట్టటం, జవాబు వచ్చేదాకా ఆగటం, ఆయన మాటను మనం పూర్తి చేయకపోవటం. ఇందులో అన్నిటికన్నా కష్టం ఆగటమే. మన ఇళ్లల్లో ఎవరూ ఎవరి మాటా పూర్తిగా విననే వినరు, జబ్బుమనిషిదాకా ఎందుకు.

డిమెన్షియాలో ఇది తలకిందులవుతుంది. మాట వస్తుంది, జ్ఞాపకం రాదు. "పొద్దుగాల చెప్పిన గదనే, మళ్ల అడుగుతవేంది?" అని కూతురు విసుక్కుంటుంది. తల్లికి పొద్దున్న చెప్పింది గుర్తుండదు, కూతురి గొంతులోని విసుగు మాత్రం మనసులో ఉండిపోతుంది. అమెరికాలో వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో క్రిస్టీన్ విలియమ్స్ అనే పరిశోధకురాలు వీడియోలు తీసి చూస్తే, చంటిపిల్లలతో మాట్లాడినట్టు గారంగా, సాగదీసి మాట్లాడినప్పుడు రోగులు ఎక్కువ ఎదురు తిరిగారు. చెయ్యి తోసేయటం, అరవటం, మొహం తిప్పుకోవటం. ‘మొండికేస్తుంది’ అని మనం అనేది చాలాసార్లు మన మాటకు జవాబే.

కేన్సరు దగ్గర అన్నిటికన్నా బరువైనది మౌనం. ఆ పేరు ఎత్తటానికి మన నోరు రాదు. ‘గడ్డ లేసింది’ అంటాం, ‘ఆ రోగం’ అంటాం. పట్నం దవాఖాన వరండాలో కొడుకు డాక్టరు చెవిలో "నాయినకు చెప్పకుండ్రి సార్, తట్టుకోలేడు" అంటాడు. లోపల తండ్రి భార్యతో "పోరగానికి తెల్వనియ్యకు, కిందమీద అయితడు" అంటుంటాడు. ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఒకరికొకరు దాస్తుంటారు. ఇది అబద్ధమని తీసిపారేయలేను, అందులో ప్రేమ ఉంది. కానీ దానివల్ల నష్టపోయేది రోగే. పొలం ఎవరికి రాయాలో, ఎవరిని ఒకసారి చూడాలో, మళ్లీ ఇంకో కీమో కావాలో వద్దో చెప్పే వీలు పోతుంది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నైతిక నిబంధనలు జబ్బు తీవ్రతను డాక్టరు పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు అంటాయి. అట్లాగని తలుపు తీసి "మీకు కేన్సరు" అని చెప్పి పోవటం కూడా క్రూరత్వమే. 2000లో అమెరికా, కెనడా వైద్యులు కొందరు రాసిన ఆరు మెట్ల పద్ధతిలో, చెప్పడానికి ముందే ఒక మెట్టుంది: ఎంత తెలుసుకోవాలని ఉందో రోగినే అడగటం. "నీ రిపోర్టుల సంగతి నీకే చెప్పాల్నా, లేకుంటే నీ కొడుకుకు చెప్పాల్నా?" అని అడిగితే "వానికి చెప్పు సారూ, నాకెందుకు" అనే హక్కు కూడా ఆ మనిషికే ఉంటుంది. అడిగి వదిలేయటం వేరు, అడగకుండా దాచటం వేరు.

నొప్పి గురించి ఒక మాట. నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో చెప్పమనటం దవాఖానల్లో అలవాటు. బడికి పోని ముసలమ్మకు పదిలో ఆరు అంటే ఏం తెలుస్తుంది? అదే మనిషి ఎవరూ అడగకుండానే "బారాణ తగ్గింది, చారాణ ఉన్నది" అంటుంది. రూపాయిలో ముప్పావలా పోయింది, పావలా మిగిలింది. ఇంతకన్నా నిక్కచ్చి కొలత ఏ చార్టులో ఉంది? జబ్బు నయం కాకున్నా బాధ తగ్గించే పాలియేటివ్ కేర్‌లో పనిచేసేవాళ్లు రోగి సొంత కొలతనే వాడుకోమంటారు. మంచంలో ఉన్న మనిషి లెక్కను డాక్టరు తన కాగితం మీద రాసుకుంటే, ఆ పూట ఆమె చెప్పింది డాక్టరు నేర్చుకున్నట్టు. ఇట్లాంటిదే ఇంకోటి: నెలల తరబడి మంచం దిగని మనిషిని మన ఆడవాళ్లు "బయటికి వస్తున్నదా?" అని అడుగుతారు. బయటికి పోయే పనే లేదు, అందరికీ తెలుసు. కానీ ఆ మాట కింద బెడ్‌పాన్ కాసేపు కనబడకుండా పోతుంది. కోడలు మామకు చేయాల్సి వచ్చినప్పుడు ఈ చాటుమాటలు లేకపోతే ఇద్దరికీ తల ఎత్తబుద్ధి కాదు.

పాలమూరు ఇళ్లల్లో ఇంకో చిక్కు. కొడుకు కోడలు పుణేలోనో ముంబైలోనో కూలికి ఉంటారు. ఇక్కడ మంచంలో తల్లి, చూసుకునేది మనవరాలో, పక్కింటామెనో. రాత్రి ఫోన్ వస్తుంది: "అవ్వ ఎట్లున్నది? గోలీలు మింగుతున్నదా? లొల్లి వెడుతున్నదా?" జవాబులు మనవరాలు చెబుతుంది. ఫోను తల్లి చెవి దగ్గర పెట్టేది చివర్లో, అదీ "అవ్వా, మంచిగున్నవా, సరే పండుకో" అనటానికి. వరుస తిప్పితే చాలు. ముందు తల్లితో మాట్లాడి, ఊరి సంగతి ఒకటి ఆమెనే అడగాలి: వానలు పడ్డయా, ఎవరింట్ల పెండ్లి, మన బర్రె ఈనిందా. గోలీల లెక్క తర్వాత మనవరాలిని అడగొచ్చు.

ఇన్ని చెప్పాక, రాత్రీపగలూ చూసుకునే మనిషి గురించి చెప్పకపోతే అన్యాయం. తెల్లారి నాలుగింటికి లేచి, గుడ్డలు మార్చి, వీపు మీద పుండు కడిగి, పత్తికి పోయి, మధ్యాహ్నం వచ్చి అన్నం తినిపించి మళ్లీ పోయే కోడలు "ఎప్పుడు పోతవో ఏమో, నా పానం తీస్తున్నవ్" అంటే, ఆ మాట తప్పే. అయితే ఆ మాట నిద్ర లేని వొంట్లోంచి వచ్చింది. ఆమెకు మర్యాద పాఠం చెప్పే అర్హత ఆదివారం ఆపిల్ పండ్లు పట్టుకుని వచ్చి, గడపలో నిలబడి "మంచిగ చూసుకుంటున్నరా లేదా?" అని అడిగే ఆడబిడ్డకు లేదు. ఆ ఆడబిడ్డ మంచం దగ్గరికి పోయి నాయినను "ఏం తింటవు?" అని అడిగి, వదినతో "ఈ రెండు దినాలు నేనుంట, నువ్వు మీ అవ్వగారింటికి పోయిరా" అంటే, వచ్చే వారం ఆ ఇంట్లో వినబడే మాటలు వేరుగా ఉంటాయి.